మిలట్రీ వాళ్ళ పిల్లకి సెలవు లేదు

మా చిన్నప్పుడు... జనవరి ఇరవయ్యారు దగ్గరపడుతుందంటే నాకు బడికెళ్ళాలనిపించేది కాదు.

ఆమదాలవలసలో మా కాన్వెంటు. షామియానా, మైకు, ముందు వరసలో ఊరి పెద్దలు. నాకు మచ్చల మచ్చల మిలట్రీ డ్రెస్సు తొడిగేవారు. అద్దెకి తెచ్చింది... ఎవరి చెమటో కంపు కొట్టేది. మా కరస్పాండెంట్ సారు నన్ను స్టేజీ ఎక్కించి, "ఈ పాప తండ్రి మంచుకొండల్లో మన కోసం కాపలా కాస్తున్నాడు!" అని మైకులో అరిచేవారు. నేను సెల్యూట్ కొట్టాలి. చప్పట్లు... ఒక ఫోటో... అంతే.

మర్నాడు క్లాసులో నేను మళ్ళీ "హిందీ పిల్ల"నే.

మా నాన్న ఆర్మీలో హవల్దారు. రెండో క్లాసు దాకా ఆయనతోనే ఊళ్ళు తిరిగాం. చదువంతా హిందీలో. తర్వాత పెళ్ళాం పిల్లల్ని తీసుకెళ్ళకూడని చోటికి పోస్టింగ్ వచ్చింది. అమ్మా, నేనూ, ఒక నల్ల ట్రంకు పెట్టె... తాతగారింటికి వచ్చి పడ్డాం.

తెలుగు మాట్లాడేదాన్నే గానీ చదవడం రాదు. తెలుగు మాస్టారు రోజూ నన్నే లేపి చదివించేవారు. ఒత్తు దగ్గర ఆగిపోయేదాన్ని. "వీళ్ళు దేశాన్ని కాపాడతారట... వీళ్ళ పిల్లకి ఒత్తులు రావు" అని ఆయనే ముందు నవ్వేవారు. ఆ తర్వాత పిల్లలు. పిల్లల్ని ఎప్పుడో మరిచిపోయాను. మాస్టారు ముందుగా నవ్వడం మాత్రం... ఇప్పటికీ తలుచుకుంటే రోత.

ఇంకోసారి... టీవీలో సరిహద్దు దగ్గర కాల్పులని వార్త. లెక్కల టీచరు పాఠం మధ్యలో ఆపి, "ఒసే, మీ నాన్న బాగానే ఉన్నాడేటి? ఫోనేమైనా వచ్చిందా?" అంది. సినిమా కథ అడిగినట్టు అడిగింది. క్లాసంతా నా వైపు తిరిగింది. ఆ పూట క్యారేజీ మూత కూడా తియ్యలేదు నేను.

నాలుగో క్లాసులో ఉండగా, స్టేజీ మీద సెల్యూట్ కొట్టిన కొన్నాళ్ళకే నాన్న సెలవు మీద వచ్చాడు. ఆయన సెలవు ఆయన చేతిలో ఉండదు కదా... పై వాళ్ళు ఇచ్చినప్పుడే రావాలి. అమ్మ నన్ను వెంటబెట్టుకుని బడికెళ్ళింది.

"ఆళ్ళ నాన్న వచ్చాడు సార్. నాలుగు రోజులు పిల్లని ఇంటికాడ ఉంచుకుంటాను."

కరస్పాండెంట్ సారు తలెత్తలేదు. "మీ ఆయన వస్తాడు, పోతాడమ్మా. పరీక్షలు ఆగుతాయా? అసలే ఈ పాపకి తెలుగు రాదు. మా స్కూలు రిజల్టు ఏటైపోవాలి?"

ఆయన బల్ల మీద కొత్త అడ్మిషన్ల పాంప్లెట్లు కట్టలు కట్టలుగా ఉన్నాయి. ప్రతి దాని మీదా నేనే... సెల్యూట్ కొడుతూ.

అమ్మ వాటిని చూసింది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి... ఆ రోజూ పెంచలేదు.

"బొమ్మేసుకోడానికి పనికొచ్చింది నా కూతురు. కన్న తండ్రిని కళ్ళారా సూసుకోడానికి పనికిరాదేటి సార్?"

"అంత కష్టంగా ఉంటే టీసీ తీసుకుపొండి." బెదిరిపోతుందనుకున్నాడు.

"ఇయ్యండి" అంది అమ్మ.

ఇంటికొచ్చి జరిగింది చెబితే నాన్న చొక్కా తొడుక్కున్నాడు, వెళ్ళి మాట్లాడతానని. అమ్మ అడ్డంగా నిలబడింది. "ఎల్లకండి. ఆడు మిమ్మల్నీ స్టేజీ ఎక్కిస్తాడు!"

నాన్న పగలబడి నవ్వాడు. తర్వాత చొక్కా విప్పేసి నన్ను దగ్గరికి తీసుకున్నాడు. ఆ సెలవంతా నేను ఆయన్ని అంటిపెట్టుకునే ఉన్నాను. నులక మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుని, పేపర్లో పెద్దక్షరాలు చూపించి ఒత్తులన్నీ ఆయనే నేర్పాడు.

జూన్‌లో సర్కారు బడిలో చేరాను. అక్కడి పెద్ద టీచరమ్మ నన్ను ఒక్కదాన్నే గదిలోకి పిలిచి అడిగింది, "నీకు ఏ భాషలో రాయడం సులువమ్మా?" భయపడుతూనే హిందీ అన్నాను. "అయితే రానివి హిందీలోనే రాయి. తెలుగు మెల్లగా వస్తాది" అంది.

నాన్న వస్తున్నాడని చెబితే, "వెళ్ళు, వెళ్ళు. వచ్చాక పాఠాలు నేను చెప్తాను" అనేది. చెప్పేది కూడా. మళ్ళీ కాల్పుల వార్త వచ్చినప్పుడు, అందరి ముందూ ఏమీ అనలేదు. గంట కొట్టాక పక్కకి పిలిచి, "అమ్మ దగ్గరకి వెళ్తావా, ఇక్కడే ఆడుకుంటావా?" అని అడిగింది. ఆడుకుంటానన్నాను. "సరే, పో" అంది. అంతే... ఇంకేం అడగలేదు. జవాను పిల్లకి బడి చెయ్యాల్సింది ఇంతే కదండీ. ఇది చెయ్యడానికి ఆ కాన్వెంటు వాళ్ళకి ఏం అడ్డొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాన్న క్షేమంగానే రిటైరై వచ్చేశాడు. ఆ అదృష్టం అందరికీ ఉండదు.

ఇప్పుడు శ్రీకాకుళంలో మా పక్క వాటాలో ఒక జవాను భార్య ఉంటుంది. మొన్న భర్త సెలవు మీద వస్తున్నాడని బాబుని రెండ్రోజులు ఇంట్లో ఉంచుకుంటానని బడికెళ్ళి అడిగిందట. "రోజూ వీడియో కాల్‌లో చూస్తున్నాడు కదమ్మా, మళ్ళీ సెలవెందుకు?" అన్నారట. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ చెబుతుంటే... నాకు ఒళ్ళంతా చీదర పుట్టింది.

మా రోజుల్లో నాన్న గొంతు వినాలంటే ఎస్టీడీ బూత్ దగ్గర ఎదురుచూపులు. ఇప్పుడు రోజూ సాయంత్రం నాన్న మొహం అరచేతిలోకి వచ్చేస్తోంది... కానీ ఫోన్లో నాన్న బిడ్డని భుజాల మీద ఎక్కించుకోలేడు కదా...

మీలో జవాన్ల పిల్లలు ఎవరైనా ఉంటే చెప్పండి... మీ నాన్న ఊరొచ్చిన రోజున, మీ బడి మిమ్మల్ని ఇంటికి పంపిందా?