పళ్ళు మాత్రం కలపను

ఆ పార్లర్లో పనిచేసే ఆడవాళ్ళు ఆమెను దవడక్క అనే పిలుస్తారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. కనుబొమలు దిద్దడం, జుట్టు కత్తిరించడం అక్కడ అందరికీ వచ్చు. దవడలు పట్టడం ఆమె ఒక్కదానికే వచ్చు.

పంతొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ వెనక నిలబడుతోంది. అరచేతులు రెండూ రాసుకుని వేడి చేసుకుంటుంది. కూర్చున్న మనిషి చెవుల ముందు వేళ్ళు ఆనించి, "ఒక్కసారి పళ్ళు కొరకండి" అంటుంది. కొరకగానే వేళ్ళ కింద కండరం కప్పలా ఉబుకుతుంది. ఆమె వెతికేది దాన్నే. తర్వాత, "మీ వేళ్ళు మూడు నిలువుగా నోట్లో పట్టించండి చూద్దాం" అంటుంది. మామూలుగా మూడు పట్టాలి. వచ్చేవాళ్ళలో సగం మందికి రెండే పడతాయి.

"రోజంతా మింగిన మాటలు ఎక్కడికి పోతాయనుకున్నారు? కడుపులోకా? కాదు తల్లీ, ఇదిగో, ఇక్కడ కూర్చుంటాయి" అని చెంప మీద తడుతుంది. కుర్చీలో ఉన్న మనిషి నవ్వుతుంది. నవ్వితే దవడ సగం వదులవుతుందని ఆమెకు తెలుసు. మిగతా సగం చేతుల పని.

ఆ పని నేర్పింది పార్లర్ పెట్టిన పెద్దమ్మగారు. "మొహాన్ని పిండిలా పిసక్కే. నిద్రపోయిన పసిపిల్లని ఒళ్ళోంచి పక్క మీదికి దింపినట్టుండాలి నీ చెయ్యి" అనేది. మోకాళ్ళు అరిగిపోయి పెద్దమ్మగారు ఇంటికే పరిమితమయ్యాక షాపు కోడలి చేతికి వచ్చింది. ఆ కోడలే ఇప్పుడు మేడమ్.

మేడమ్ ఎక్కడికో వెళ్ళి వారం రోజులు శిక్షణ పొంది వచ్చింది. వస్తూ ఒక సర్టిఫికెట్టు, ఒక ఉక్కు రోలరు, గోడంత పోస్టరు తెచ్చింది. పోస్టర్లో ఒక అమ్మాయి. ఆ అమ్మాయి గడ్డాన్ని పెన్సిల్ చెక్కినట్టు చెక్కారు. కింద, 'పది సిట్టింగుల్లో కోలముఖం' అని రాసి ఉంది. మొహమేమన్నా చెక్కా, చిత్రిక పట్టడానికి? కానీ ఆ మాట అడిగేవాళ్ళు లేరు. రోలరుతో గట్టిగా, పది నిమిషాలు, దవడ ఎముక వెంట కిందికీ పైకీ దొర్లించాలి. అదీ కొత్త పద్ధతి.

"ఇంకో మాట. కస్టమర్లతో ఆరోగ్యం కబుర్లు వద్దు. డాక్టర్ అనే మాట ఈ గదిలో వినపడకూడదు. నొప్పి ఉందంటే అలవాటైపోతుందనండి. ఎదురు చెప్పేవాళ్ళకి ఇక్కడ కుర్చీ ఉండదు" అంది మేడమ్ అందరితో. తనకంటే పదిహేనేళ్ళు పెద్దదాన్ని 'నువ్వు' అని, వేలు చూపించి మరీ చెప్పింది. "ముఖ్యంగా నువ్వు. నోరు మూసుకుని చెప్పింది చెయ్యి."

దవడక్క నోరు మూసుకుంది. నలభై ఎనిమిదేళ్ళ ఆడదాన్ని ఇంకే పార్లరూ తీసుకోదు. వాళ్ళకి చేతులు అక్కర్లేదు, అద్దంలో కనపడే మొహాలు కావాలి. ఆ కుర్చీ పోతే ఆమె చేతులకు చోటే లేదు.

రెండు నెలలు గడిచాయి. ఒక పొద్దున టీ తాగుతూ మొగుడు అన్నాడు. బస్సు డిపోలో మెకానిక్కు అతను.

"ఏమే, నిద్దట్లో ఆ పళ్ళు నూరుడేంటి? గేరు పడని బండిలా ఒకటే కరకర. ఎవర్ని నములుతున్నావ్?"

"నిన్ను కాదులే, భయపడకు."

"నన్నయితే అలవాటే. అందుకే అడుగుతున్నా, కొత్తగా ఎవరా అని."

ఆమె నవ్వబోయింది. చెవి ముందు చురుక్కుమంది. అద్దం ముందుకెళ్ళి తన వేళ్ళు తనే నోట్లో పెట్టుకుని చూసుకుంది. రెండే పట్టాయి. ఊరందరి దవడలూ పట్టిన మనిషికి తన నోరు తనకే తెరుచుకోవడం లేదు. ఎంత ఒళ్ళు మండిందంటే, మళ్ళీ పళ్ళు కొరుక్కుంది.

ఆ వారంలోనే ఒక టీచరమ్మ ఆమె కుర్చీలోకి వచ్చింది. హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. మొదటి రెండు సిట్టింగులూ ఇంకో అమ్మాయి చేసింది. ఆ అమ్మాయి సెలవు పెట్టడంతో మూడోది దవడక్క వంతయింది.

"ఎందుకండీ మీకు కోలముఖం?"

"మా హెడ్మాస్టరు గారన్నారు." టీచరమ్మ మాట పళ్ళ సందులోంచి వస్తోంది. "నా మొహం మగరాయుళ్ళా ఉందట, పిల్లలు జడుసుకుంటున్నారట. కాస్త మెత్తబరుచుకోండి అన్నారు. అరవై ఐదుమంది పిల్లలండీ ఒక్కో క్లాసులో. ఇక్కడికొచ్చాక దవడ ఇంకా బిగుసుకుంది. అన్నం ముద్ద కూడా పట్టడం లేదు."

"వేళ్ళు పెట్టి చూడండి."

ఒక వేలు పట్టింది. రెండోది గోరు దాకా వెళ్ళి ఆగిపోయింది.

దవడక్క అరచేతులు రాసుకుంది. అంతలో వెనకనుంచి మేడమ్ గొంతు. "చేతులెందుకు? రోలరేది? ఇంకా ఎనిమిది సిట్టింగులున్నాయి ఆవిడకి. కానీ, నేను చూస్తున్నా."

మేడమ్ కదలకుండా అక్కడే నిలబడింది. దవడక్క రోలరు అందుకుంది. చల్లగా, బరువుగా ఉంది. మింగలేక కక్కలేక ఒక్క క్షణం ఆగింది. తర్వాత దాన్ని టీచరమ్మ చెంప మీద ఆనించి ఒకసారి కిందికి దొర్లించింది. టీచరమ్మ కుర్చీ చేతిని పట్టుకుని పంటి బిగువున ఓర్చుకుంది. దవడ కీలు టక్కుమంది. కంటి కొసనుంచి నీటిబొట్టు జారి చెవిలోకి వెళ్ళింది. అదే క్షణంలో దవడక్క చెవి ముందు కూడా ఇంకో టక్కు వినపడింది. అది ఆమె కీలే.

రోలరును పళ్ళెంలో పెట్టేసింది.

"టీచరుగారూ, ఇది కొవ్వు కాదు, కరగడానికి. కండరం. మీరు కొరికీ కొరికీ పెంచారు దీన్ని. ఇనుము దొర్లిస్తే ఇంకా బిగుస్తుంది. రెండు వేళ్ళు కూడా పట్టనప్పుడు ముందు పళ్ళ డాక్టరుకి చూపించుకోండి. నా చెయ్యి ఆ తర్వాతే. ఈలోపు ఇంటి దగ్గర ఒక్కటి చెయ్యండి. నాలుక కొస పై పళ్ళ వెనక ఆనించండి, పెదాలు మూసుకోండి, పళ్ళు మాత్రం కలపకండి. పళ్ళు కలవాల్సింది నమిలేటప్పుడే."

పక్క కుర్చీలో జుట్టు ఆరబెట్టే మిషను ఎవరో ఆపేశారు.

"నోరు మూసుకో!" అంది మేడమ్.

"మూసుకుంటానమ్మా. పళ్ళు మాత్రం కలపను."

ఎవరో కిసుక్కుమన్నారు. టీచరమ్మ తువ్వాలుతో చెంప తుడుచుకుని, మేడమ్ వైపు చూడకుండా లేచి వెళ్ళిపోయింది.

నలుగురి ముందూ పొమ్మంటే పరువు పోతుందనుకుందో ఏమో, మేడమ్ దవడక్కను పొమ్మనలేదు. మర్నాడు వెనక గదిలోకి తోసింది. అక్కడ రెండు ప్లాస్టిక్ తొట్లు, ఒక ఎత్తు కుర్చీ, ఒక పీట ఉంటాయి. "ఇకమీద మొహాలు ముట్టుకోవద్దు. కాళ్ళు కడుగు. నీ నోటికి అదే తగిన చోటు." పంతొమ్మిదేళ్ళు నేర్చిన చేతులు మడమల మీద పగుళ్ళు గీకసాగాయి. ముందు గదిలో పోస్టర్ అలాగే ఉంది. దాని కింద రోలరు దొర్లుతూనే ఉంది. తప్పు చేసినవాళ్ళు ముందు గదిలో, తప్పని చెప్పినవాళ్ళు పీట మీద. లోకం తీరుకి ఆ పార్లర్ ఏమీ మినహాయింపు కాదు.

మొగుడు మాత్రం, "రెండ్రోజులుగా బండి చప్పుడు లేదు. బాగుచేయించావా?" అన్నాడు.

"ఆ. నేనే విప్పుకున్నా" అంది.

నెల తర్వాత టీచరమ్మ వచ్చింది. పోస్టర్ దాటుకుని తిన్నగా వెనక గదికి నడిచి, ఎత్తు కుర్చీలో కూర్చుని, కాళ్ళు తొట్లో పెట్టింది.

"రెండు వేళ్ళు పడుతున్నాయక్కా! పడుకునేటప్పుడు పళ్ళకి పెట్టుకునే తొడుగు ఇచ్చారు డాక్టరుగారు. మెల్లగా మర్దన చేసుకోమన్నారు. ఎలాగో నువ్వే చెప్పాలి."

"మొహం ముట్టుకోకూడదండీ నేను."

"మరి?"

దవడక్క టీచరమ్మ కాలు నీళ్ళలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. పిక్క మీద మూడు వేళ్ళు ఆనించింది. "ఇదే మీ దవడ అనుకోండి. నోరు కాస్త వదులుగా పెట్టండి. ఇదిగో, ఇంత మెత్తగా. గుండ్రంగా తిప్పుతూ కిందికి. నొప్పి పుడితే ఆగిపోవాలి, ఓర్చుకోకూడదు. ఇన్నాళ్ళూ ఓర్చుకున్నది చాలు." కింద ఆమె వేళ్ళు పిక్క మీద తిరుగుతుంటే పైన టీచరమ్మ వేళ్ళు చెంప మీద తిరిగాయి.

తలుపు దగ్గర మేడమ్ ప్రత్యక్షమైంది. "ఏం చేస్తున్నావక్కడ?"

"కాళ్ళు పడుతున్నానమ్మా. మీరు చెప్పిందే."

మేడమ్ టీచరమ్మ చెంపనూ, దవడక్క చేతినీ మార్చి మార్చి చూసింది. పళ్ళు కొరికింది. చెవి కింద కండరం కప్పలా ఉబికింది. ఆ కప్పను ఎక్కడ పట్టాలో, ఎలా నిద్రపుచ్చాలో ఆ షాపులో తెలిసిన మనిషి పీట మీద కూర్చుని ఉంది. అడిగితే చెప్పేది. మేడమ్ అడగలేదు.