గ్రైండరు పెట్టెలో దొరికిన ఉత్తరాలు

పోయిన ఉగాదికి ముందు శనివారం మా ఆవిడ వంటింటి అల్మారా మీంచి గ్రైండరు తాలూకు అట్టపెట్టెను దించింది. ఇక్కడి తెలుగువాళ్లం హాలు అద్దెకు తీసుకుని పండగ చేసుకుంటున్నాం. గారెల పిండికి మా గ్రైండరు కావాలన్నారు, దాన్ని రైల్లో మోసుకెళ్లాలంటే పెట్టె ఉండాలి. ఖాళీ పెట్టె కదా అని ఒంటి చేత్తో లాగింది. అందులోంచి ఉత్తరాలు జారి పొయ్యి మీదా, సింకులోనూ, తన భుజాల మీదా పడ్డాయి. ఇరవై దాకా ఉంటాయి. ఒక్కటీ చింపినది కాదు. వాటిలో ఒకటి పసుపు కవరు. జర్మనీలో ఉంటున్నవాళ్లకు పసుపు కవరు అంటే సర్కారు తాఖీదని చెప్పనక్కర్లేదు. ఇచ్చిన తేదీని పోస్ట్‌మాన్ దాని మీద రాసి మరీ వెళతాడు.

నిలబడే చింపి చదివింది. తనకు జర్మన్ అంతంతమాత్రమే అయినా తిరస్కరించారన్న మాట తెలియనంత తక్కువేమీ కాదు.

"ఏవండీ, ఇది జనవరిలోనే వచ్చిందిగా?" అంది. "మొన్న గురువారం కూడా అడిగాను. ఇంకా రాలేదన్నారు."

తను కింద కూర్చుని ఉత్తరాలన్నీ ఏరి, తేదీల వారీగా పేర్చింది. ఆ పని నేను చేయవలసింది.

ఇది కాస్త వెనక నుంచి చెప్పాలి. ఇరవై ఆరేళ్లు విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో పనిచేశాను. జిల్లా పేజీ ఏడింటికి ప్రెస్సుకు వెళ్లాలి. ఆరూ యాభైకి కూడా బొమ్మ రాకపోయినా, శీర్షిక కుదరకపోయినా, మా న్యూస్ ఎడిటరు కుర్చీ వెనక నిలబడి నా పేరు పెట్టి నాలుగు తిట్లు తిట్టేవారు, నా చేతులు వాటంతట అవే పరిగెత్తేవి. ఆ పది నిమిషాల్లో నేను చేసిన పని చూసి మిగతావాళ్లు ముక్కున వేలేసుకునేవారు. అదే ఆదివారం సంచికకు నెల గడువుతో వ్యాసం అప్పగిస్తే మాత్రం, ముప్పయ్యో రోజున నేను కాగితం మీద ఒక్క అక్షరం పెట్టకుండా టీ కొట్టు దగ్గర దొరికేవాణ్ణి. దాన్ని బద్ధకం అన్నారు, పొగరు అన్నారు, నేనూ అదే అనుకున్నాను. పెళ్లయ్యాక మా ఆవిడ తిట్లు లేకుండానే ఆ కుర్చీ వెనక నిలబడే పని చేసింది. కరెంటు బిల్లు, పాప ఫీజు, నా కళ్లజోడు, అన్నీ తన తలలోనే ఉండేవి.

ఆరేళ్ల కిందట తనకు ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనే ఉన్న ఎష్‌బోర్న్‌లో ఒక కన్సల్టింగ్ కంపెనీలో ఉద్యోగం వచ్చి ఇక్కడికి వచ్చాం. పాప పెద్ద చదువుకు వేరే ఊరు వెళ్లింది. ఖాళీగా ఉన్నది నేను, పట్టుబట్టి జర్మన్ నేర్చుకున్నదీ నేనే. అందుకని ఇంటి ఉత్తరాలన్నీ నా శాఖ అయ్యాయి. పాతికేళ్లు వార్తలు దిద్దినవాడికి ఉత్తరాలొక లెక్కా అని నేనే అన్నాను, గట్టిగా, నలుగురిలో.

ఈ దేశం ఎవరి వెనకా నిలబడి తిట్టదు. మర్యాదగా ఉత్తరం రాసి నాలుగు వారాలు గడువిస్తుంది. నాలుగు వారాలంటే నాకు సముద్రం. ఈ రోజు కాకపోతే రేపు అనుకోవడానికి అందులో ఎంత చోటుందో నాలాంటివాళ్లకే తెలుసు. ముఖ్యమైన ఉత్తరం కాబట్టి తీరిగ్గా కూర్చుని చదవాలి, అప్పటిదాకా పోకుండా ఎక్కడైనా జాగ్రత్తగా పెట్టాలి అనుకుని మొదటిదాన్ని ఆ పెట్టెలో పెట్టాను. రెండోదాన్ని పెడుతున్నప్పుడు మొదటిది కనిపించి గబుక్కున మూత మూసేశాను. మూడోసారి నుంచి పెట్టెలోకి చూడకుండా వేయడం నేర్చుకున్నాను.

వాటిలో శాశ్వత నివాసం కోసం మా ఆవిడ పెట్టిన దరఖాస్తు తాలూకువి మూడున్నాయి. తను ఇక్కడ ఉంటున్నది బ్లూ కార్డు మీద, అంటే ఉద్యోగాన్ని బట్టి ఇచ్చే అనుమతి మీద. ఆ కార్డు నిలవాలంటే పూర్తి జీతం ఉండాలి, అంటే వారానికి ఐదు రోజులూ పని. శాశ్వత నివాసపు అనుమతి వస్తే సగం రోజులకు మారి, మిగతా రోజుల్లో వీణ నేర్పాలని తన కోరిక. శనివారాలు మా హాల్లో ముగ్గురు పిల్లలకు చెబుతుంది, ఆ పూట తన గొంతే వేరుగా ఉంటుంది. ఆఫీసులో సగం రోజుల ఉద్యోగం ఒకటి ఖాళీ అయితే, మార్చి దాకా తన కోసం ఆపి ఉంచారు కూడా. పింఛను చందా కట్టిన కాగితం ఒక్కటి పంపమని మొదటి ఉత్తరం. అది అల్మారాలోనే ఉంది, పంపడం పది నిమిషాల పని. రెండోది గుర్తు చేస్తూ. మూడోది పసుపుది.

ఏప్రిల్లో ఆ ఉద్యోగం ఇంకెవరికో వెళ్లింది.

రెండు వారాలు నాతో మాట్లాడలేదు. తర్వాత తనే ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక మనోవైద్యురాలి దగ్గర టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, తీసుకుంది, దొరికింది శరదృతువులో. నాకు ఏడీహెచ్‌డీ ఉండవచ్చని, అంటే మనసు ఒకచోట కుదురుగా నిలవని లోపమని, అది చిన్నపిల్లలకే ఉండేది కాదని చెప్పి, నా ప్రాథమిక పాఠశాల రిపోర్టులు తెమ్మని ఆవిడ అడిగారు. ఇక్కడి బడుల్లో పిల్లవాడు ఎలా కూర్చున్నాడో, ఎలా విన్నాడో కూడా రాసి ఇస్తారట. మన ప్రోగ్రెస్ కార్డులో మార్కులు, ర్యాంకు, నాన్నగారి సంతకం తప్ప ఏముంటాయి? గుడివాడలో ఉన్న మా అక్కకు ఫోన్ చేశాను.

"నాన్నగారి సంతకమా! కార్డు మూడుసార్లు పారేసుకుంటే భయపడి నేనే పెట్టానురా ఆ సంతకం," అని పడీ పడీ నవ్వింది. "ఒరేయ్, చింతపండుకి నిన్ను కొట్టుకి పంపితే అమ్మ పొయ్యి ఆర్పేసేది, తెలుసా? వీడొచ్చేది ఏనాటికో అని."

"ఇంకా చెప్పవే, రాసుకుంటున్నాను."

"ఎందుకురా ఇవన్నీ ఇప్పుడు?"

చెప్పాను. "మేమంతా నిన్ను చూసి నవ్వుకునేవాళ్లం కదరా," అంది.

అక్క చెప్పినవన్నీ జర్మన్‌లో రాసి పట్టుకెళ్లాను. ఆ పనిని టెర్మిన్‌కు ముందు రోజు ఒక్క పూటలో పూర్తి చేశానని చెబితే డాక్టరుగారు నవ్వలేదు, రాసుకున్నారు.

ఇప్పుడు మాత్ర వేసుకుంటున్నాను. ఉత్తరాన్ని పోస్టుడబ్బా దగ్గరే నిలబడి చింపుతాను, దానికో శీర్షిక కట్టి ఫ్రిజ్ మీద అంటిస్తాను, సాయంత్రం ఆరింటికల్లా జవాబు వెళ్లాలి. ఐదున్నరకు మా ఆవిడ ఆఫీసు నుంచి ఫోన్ చేసి "పేజీ వెళ్లిందా?" అంటుంది. "వెళ్లింది," అంటాను. "ఫొటో పెట్టండి," అంటుంది. యాభై ఏడేళ్ల మనిషిని ఇలా అడిగించుకోవడానికి మొదట్లో సిగ్గేసేది, ఇప్పుడు ఫోన్ రాని రోజున భయం వేస్తుంది. ఆ రోజుల్లో నా కుర్చీ వెనక నిలబడి తిట్టిన పెద్దమనిషిని ఎంత విసుక్కున్నానో! నన్ను మనిషిగా నిలబెట్టింది ఆ తిట్లేనని తెలియడానికి ఆ డెస్కూ, ఆ కేకలూ లేని దేశానికి రావలసి వచ్చింది.

అసలు సిగ్గు మాత్రం అది కాదు. డాక్టరుగారు రాసిచ్చిన కాగితంలో వాయిదాకు పేరుంది, మరపుకు పేరుంది. పెట్టెలో ఏముందో తెలిసి కూడా జనవరి నుంచి ఉగాది దాకా ప్రతి వారం "ఇంకా రాలేదు, ఇక్కడి ఆఫీసులు ఇంతే" అని నేను చెప్పిన మాటకు అందులో పేరు లేదు. ఆ కాగితం తెచ్చిన రోజున మా ఆవిడ రెండుసార్లు చదివించుకుని, కళ్లు తుడుచుకుని, "పోనీలెండి, తెలిసి చేసింది కాదుగా," అంది. తన స్నేహితురాళ్లతోనూ అలాగే చెబుతోంది.

నేను అవుననలేదు, కాదనీ అనలేదు. తర్వాత పెట్టిన కొత్త దరఖాస్తుకు ఇంకా జవాబు రాలేదు, నిజంగానే రాలేదు. తను వారానికి ఐదు రోజులూ ఎష్‌బోర్న్ వెళ్లి వస్తోంది.