జామచెట్టు వైపు తిరిగిన యాంటెన్నా

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు, భయమూ లేదు. నాలుగు రోడ్ల కూడలిలో దిష్టి తీసి పారేసిన నిమ్మకాయ కనిపిస్తే, అంత మంచి కాయ దండగ చేశారే అని బాధపడే రకం నేను. మాది తెనాలి. చదివింది ఫిజిక్సు, చేసేది బ్యాంకు ఉద్యోగం. ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇది చదివాక నన్ను తాయెత్తులు కట్టించుకునే మనిషి కింద జమకట్టొద్దని.

పెళ్లయి బిలాస్‌పూర్ వచ్చాను. మా అత్తగారివాళ్లు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగాల మీద వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు. మామగారు రైలు డ్రైవరుగా రిటైరై ఉస్లాపూర్‌లో ఇల్లు కట్టుకున్నారు. మా ఆయనకు లోకోషెడ్‌లో డ్యూటీ.

మామగారికి ఉన్న ఒకే ఒక్క వ్యసనం టీవీ యాంటెన్నా. తీరిక దొరికితే డాబా ఎక్కేవారు. దాన్ని కాస్త ఇటు, కాస్త అటు తిప్పుతూ పైనుంచి "ఒచ్చిందేటి?" అని అరిచేవారు. అత్తగారు కిందినుంచి "ఒచ్చింది, ఇంక దిగండి" అనేదాకా దిగేవారు కారు. ఒక్కోసారి బొమ్మ రాకపోయినా, అన్నం చల్లారిపోతోందని ఆవిడ "ఒచ్చింది" అనేసేవారు. ఆయన దిగి వచ్చి చూస్తే తెర నిండా చీమలే. అయినా మర్నాడు మళ్లీ ఆ మాట మీదే దిగేవారు. కేబుల్ వచ్చాక కూడా ఆయన ఆ డాబానూ, ఆ యాంటెన్నానూ వదల్లేదు.

ఇక నాకూ అత్తగారికీ రోజూ యుద్ధమే. ఆవిడ పులుసులో బెల్లం వెయ్యకుండా ఉండలేరు, నేను వేస్తే తినలేను. "మీ తెనాలోళ్ళకి నాలుకలుండవేటి?" అని ఆవిడ మొదలుపెట్టేవారు. నేను మాత్రం తక్కువ తిన్నానా, మీ పులుసు పాయసంలా ఉందనేదాన్ని. ఇద్దరికీ అలా పొద్దుపోయేది.

మామగారు నిద్రలోనే పోయారు. ఆ తర్వాత అత్తగారి నోట మాట పడిపోయింది. టీవీ ముందు కూర్చోవడం మానేశారు. ఏం అడిగినా 'ఊఁ' అనో 'ఆఁ' అనో, అంతే. చూసి చూసి ఒకరోజు కావాలనే పులుసులో కారం గుప్పించాను. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నా మొత్తం తినేసి చెయ్యి కడుక్కుని వెళ్లిపోయారు. నాకు నిజంగా భయం వేసింది ఆ రోజే. నాతో పోట్లాడ్డం కూడా మానేశారంటే ఈ మనిషి మాకు దక్కరేమో అనిపించింది.

శాటిలైట్ రేడియో ఉపాయం మా ఆయనది. అప్పట్లో అది కొత్త. మా ఊళ్లో మామూలు రేడియో ఎటు తిప్పినా హిందీయే. ఇందులో అయితే రోజంతా తెలుగు పాటలు వచ్చే స్టేషన్ ఉందిట. ఇంట్లోనూ పనికి రావాలి, కార్లో ఆవిడను బయటికి తీసుకెళ్లినప్పుడూ పనికి రావాలి అనుకుంటూ దుకాణానికి వెళ్లాం.

అక్కడ మూడు రకాలు చూపించారు. మొదటిది పెద్దది, మోత బాగుంది కానీ గోడ ప్లగ్గు లేకపోతే పలకదు. రెండోది కార్లో మరలతో బిగించేది. అంటే అత్తగారు పాటలు వినాలంటే కార్లోనే కాపురం ఉండాలి. మూడోది టిఫిన్ డబ్బా అంత సెట్టు. బ్యాటరీల మీద నడుస్తుంది, ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు. దానికి చిన్న పలకలాంటి యాంటెన్నా, పొడుగాటి తీగ. "ఘర్ మే భీ, గాడీ మే భీ, మేడమ్," ఇంటికీ కారుకీ ఇదొక్కటే చాలన్నాడు దుకాణదారు. బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, తీగ ఎంత పొడుగు అని నా ఫిజిక్సంతా వాడి మరీ అడిగాను. అన్నిటికీ చకచకా చెప్పాడు. కారు నడుస్తున్నప్పుడు కూడా పలుకుతుందా అని అడిగితే మాత్రం మాకు టీ తెప్పించాడు. ఆ టీ ఎందుకో తర్వాత గానీ నాకు అర్థం కాలేదు.

మూడోదే కొన్నాం. యాంటెన్నా ఆగ్నేయం వైపు, ఆకాశం కనిపించేలా పెట్టాలట. మా ఇంట్లో ఆగ్నేయం అంటే వంటిల్లు. ఆ కిటికీకి ఎదురుగా పక్కింటివాళ్లు మేడ లేపేశారు. ఎన్ని తిప్పలు పడ్డా సెట్టు ఉలకలేదు, పలకలేదు. కార్లో అయితే బండి ఆపి, యాంటెన్నాను సరిగ్గా గురి చూసి పెడితే వచ్చేది. బండి కదిలితే పాట ఆగుతుంది, పాట కావాలంటే బండి ఆగాలి. అత్తగారు వెనక సీట్లో కూర్చుని కిటికీలోంచి చూసేవారు, పాట వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే.

ఒకరోజు విసుగెత్తి, వంటింటి కిటికీలో సెట్టును అలాగే వదిలేసి, ఆపడం కూడా మరిచిపోయి పడుకున్నాను. పొద్దున్న టీ పెడదామని వెళ్తే రేడియో శుభ్రంగా తెలుగులో పాడుతోంది. నేను ఆకాశం వైపు పెట్టిన యాంటెన్నా కిటికీకి వీపు పెట్టి, పెరటి తలుపులోంచి కనిపించే జామచెట్టు వైపు తిరిగి ఉంది. మా ఆయనకు ఆ రోజు నైట్ డ్యూటీ, ఇంకా ఇంటికి రాలేదు. అత్తగారిని అడిగితే తల అడ్డంగా ఊపారు.

ఎలుక పని అనుకున్నాను. యాంటెన్నాను మళ్లీ ఆగ్నేయానికి తిప్పి, చుట్టూ బియ్యప్పిండి చల్లి పడుకున్నాను. మర్నాడు అది మళ్లీ జామచెట్టు వైపే ఉంది. పిండి మీద ఒక్క అడుగు లేదు, వేలిముద్ర లేదు. మామూలు రోజుల్లో అయితే పిండి పాడు చేశానని అత్తగారు ఇల్లు పీకి పందిరేసేవారు. ఆ రోజు ఊరికే చూసి వెళ్లిపోయారు.

దుకాణదారును పిలిపించాం. ఆ వైపున ఏ శాటిలైటూ లేదు, సిగ్నల్ రావడం అసంభవం అన్నాడు. ఆగ్నేయానికి తిప్పాడు, పాట ఆగింది. జామచెట్టు వైపు తిప్పాడు, పాట వచ్చింది. ఈసారి టీ మేమే ఇచ్చాం. "చల్ రహా హై తో చల్‌నే దీజియే, భాభీజీ," పలుకుతున్నప్పుడు పలకనివ్వండని చెప్పి అతను సగం టీ వదిలేసి వెళ్లిపోయాడు.

తర్వాత ఒక ఆదివారం, మోప్కాలో మా ఆయన స్నేహితుడి గృహప్రవేశానికి బయల్దేరాం. లాల్‌ఖదాన్ దగ్గర రైల్వే గేటు పడింది. మా ఆయన ఇంజను ఆపి, వచ్చే గూడ్సును దగ్గరగా చూద్దామని దిగిపోయారు. షెడ్డువాళ్లకు అదొక జబ్బు. కార్లో మేమిద్దరమే. నా రెండు చేతుల్లో పాయసం గిన్నె. వెనక అత్తగారి ఒళ్లో బహుమతికి కొన్న స్టీలు బిందె. సెట్టు నా కాళ్ల దగ్గర, యాంటెన్నా ముందు అద్దం కింద. పాట రావడం లేదు. రైలు ఇంకా కనుచూపు మేరలో లేదు.

యాంటెన్నా కదిలింది. జారిపడినట్టు కాదు. నా కళ్ల ముందే నింపాదిగా కాస్త ఇటు, కాస్త అటు తిరిగి ఆగింది. పాట వచ్చింది.

"ఒచ్చింది. ఇంక దిగండి," అన్నారు వెనకనుంచి అత్తగారు, అలవాటుగా.

అన్నాక ఆవిడకే తెలిసినట్టుంది. బిందె మీద తల ఆనించి ఏడ్చారు. ఇన్ని నెలల్లో ఆవిడ ఏడవగా చూడడం అదే మొదటిసారి. నేను వెనక్కి తిరిగి నోరు వెళ్లబెట్టుకుని చూస్తున్నాను. కాసేపటికి ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు చూశారు.

"ఏటలా సూస్తన్నావు? ఆ రోజు పులుసులో అంత కారమేసీసి నన్ను సంపేద్దామనుకున్నావేటి?"

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. సగం పాయసం చీర మీదికి వచ్చేసింది. మా ఆయన తిరిగొచ్చి, ఇంజను అదురుకు యాంటెన్నా కదిలి ఉంటుందన్నారు. ఆపిన ఇంజను ఎలా అదురుతుందో ఆయనే చెప్పాలి.

ఆ తర్వాత మా యుద్ధాలు యథాప్రకారం సాగాయి. కొన్నేళ్లకు ఆ రేడియో కంపెనీ దుకాణం కట్టేసింది, అందరి సెట్లూ మూగబోయాయి. మా సెట్టులో బ్యాటరీలు తీసేశాం. కానీ కిటికీలో యాంటెన్నా మాత్రం పొద్దున్న లేచేసరికి ఒకరోజు స్టవ్వు వైపు, ఒకరోజు ఆవకాయ జాడీ వైపు తిరిగి ఉండేది. నువ్వంటే నువ్వని అత్తగారూ నేనూ రోజూ వాదులాడుకునేవాళ్లం.

ఒకరోజు పొద్దున్న వంటింటి గుమ్మంలోనే ఆగిపోయాను. అత్తగారు ఆ మూగ సెట్టు ముందు నిలబడి ఉన్నారు.

"ఒచ్చింది. బాగా ఒచ్చింది. ఇంక దిగండి, అన్నం సల్లారిపోతంది," అంటున్నారు, మెల్లగా.

ఆ తర్వాత యాంటెన్నా కదల్లేదు. పరీక్షగా నేనే గోడ వైపు తిప్పి పెట్టాను. గోడ వైపే ఉండిపోయింది, దాని మీద దుమ్ము కూడా పేరుకుంది. అన్నాళ్లు ఎందుకు తిరిగిందో, ఆ రోజు ఎందుకు ఆగిందో నా ఫిజిక్సుకు ఇప్పటికీ అందలేదు. దయ్యాల మీద నమ్మకమూ కుదరలేదు. ఆ పూట మాత్రం ఎవరూ అడక్కుండానే పులుసులో బెల్లం వేశాను.

ఎక్కువైందన్నారు అత్తగారు.