జానా బెత్తెడు

2018. రియాద్‌లో నేను పనిచేసేది వేట సామాను దుకాణం. ఎడారిలో వేసుకునే గుడారాలు, దుర్బీన్లు, డేగల కళ్లకు తొడిగే తోలు టోపీలు ముందు గదిలో ఉంటాయి. లైసెన్సు మీద అమ్మే తుపాకులు లోపలి గదిలో, ఇనుప జాలీ వెనక ఉంటాయి. నేను నిర్మల్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన వడ్లవాణ్ణి, పేరు పోచన్న. అరబ్బుల నోట 'ప', 'చ' పలకవు కాబట్టి అక్కడ అందరికీ బోషన్నను.

తుపాకుల దుకాణంలో వడ్రంగికేం పని అని ఊళ్లో అందరూ అడుగుతారు. అయ్యా, తుపాకీలో సగం కర్రే! భుజానికి ఆనించి, చెంప పెట్టి, చేత్తో పట్టుకునే ఆ కర్ర భాగాన్ని స్టాక్ అంటారు. అది పగిలితే అతకడం, పొడవైతే తగ్గించడం, ముక్క పాడైతే కొత్తది చెక్కడం నా పని. మా కఫీలు, అంటే నా వీసాకు పూచీ పడ్డ యజమాని అబూ సాలెం, మొదటి రోజే గీత గీశాడు.

"ఇనుము నాది, కర్ర నీది. ఇనుము మీద చెయ్యేసినవో, ఇద్దరం లోపలికి పోతం."

అక్కడ మాట్లాడుకునేది అరబ్బీ, మధ్యమధ్య హిందీ. నా చెవికి అదంతా ఇప్పుడు మా ఊరి మాటలాగే వినిపిస్తుంది కాబట్టి అలాగే రాస్తున్నాను.

ఈ పనికి రాకముందు తొమ్మిదేళ్లు షట్టరింగ్ చేశాను. కాంక్రీటు పోయడానికి ప్లైవుడ్ పెట్టెలు కొట్టడం, అది గట్టిపడ్డాక ఊడబీకి పారేయడం. వడ్లవాడికి అంతకన్నా అవమానం ఉండదు. అందుకే ఈ దుకాణంలో మళ్లీ ఉలి పట్టిన రోజు నాకు పండగలా అనిపించింది. ఇది పోతే నేను బతకగలను కానీ, నవ్వుతూ బతకలేను.

అది పోయేలా ఉందని తెలిసింది ఆ ఏడే. సౌదీలో ఎవర్ని కదిపినా అప్పుడు రెండే మాటలు, నితాఖాత్, లెవీ. దుకాణంలో సౌదీవాళ్లు ఎందరున్నారో చూసి సర్కారు దానికో రంగు ఇస్తుంది, అది నితాఖాత్. పనిచేసే ప్రతి పరాయి దేశస్థుడి మీదా యజమాని కట్టే రుసుం లెవీ. లెవీని అబూ సాలెం ఎలాగో మోసుకొస్తున్నాడు కానీ రంగే లొంగలేదు. మాది రెడ్. రెడ్ అయితే పనివాళ్ల ఇకామా, అంటే నివాసపు కార్డు, రెన్యువల్ కాదు. నా ఇకామాకు మిగిలింది నలభై రోజులు. ఒక్క సౌదీ మనిషి ఉద్యోగంలో చేరితే చాలు, మేము గ్రీన్‌లోకి వస్తాం. చేరకపోతే నాకు ఫైనల్ ఎగ్జిట్, అంటే మళ్లీ రాకుండా ఇంటికి.

అబూ సాలెం తన మేనల్లుణ్ణి తెచ్చి కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టాడన్నది మర్యాదకు అంటున్నాను. ఆ పిల్లగాడు పదకొండింటికి వచ్చి, అమ్మకానికి వేసిన గుడారంలో దిండు వేసుకుని పడుకునేవాడు. కొనేవాళ్లు గుడారం తెర ఎత్తి, లోపల మనిషిని చూసి హడలిపోయేవారు. నాలుగో రోజు రాలేదు. తర్వాత వచ్చిన ఇద్దరూ అంతే. గుడ్డి కన్నా మెల్ల మేలు అనుకుందామంటే ఆ మెల్ల కూడా దొరకలేదు.

అట్లాంటి రోజుల్లో ఒక సాయంత్రం ఓ పెద్దాయన, ఆయన కూతురు వచ్చారు. ఆయనది ఉనైజా, ఖర్జూరం తోటల రైతు. మనిషి ఆరడుగుల పైమాట, చేతులు చాటలంత. కూతురు నూరా రియాద్‌లో చదువు పూర్తిచేసి, ఏడాదిగా ఉద్యోగం వెతుక్కుంటూ, పిల్లలకు ఇంగ్లీషు చెబుతోంది. గురి కొట్టే క్లబ్బులో చేరిందట.

"క్లబ్బుల తుపాకులన్నీ మొగోళ్ల కొలతకు చేసినయ్," అంది నూరా. "ఎనకకు వంగి, మెడ సాపి కొట్టాలె. నాకు సెమీ ఆటోమేటిక్ స్పోర్టింగ్ రైఫిల్ కావాలె, చిన్న తూటాది. నా పైసలతోనే కొనుక్కుంట. మా నాయినను అడగ."

సెమీ ఆటోమేటిక్ అంటే సినిమాల్లోలాగా దడదడలాడేది కాదు. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్కటే తూటా పోతుంది. తర్వాతిది దానంతటదే వచ్చి కూర్చుంటుంది కాబట్టి, ప్రతిసారీ తూటా ఎక్కించే బోల్ట్ లాగి గురి చెదరగొట్టుకోనక్కర్లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు హాయి.

అబూ సాలెం చూపించిన కొత్తవన్నీ ఆమెకు అందని ధరలో ఉన్నాయి. ఆ పిల్ల ముఖం చిన్నబోవడం చూసి ఆయన లోపలికి వెళ్లి, ఓడలో వస్తూ స్టాక్ విరిగిపోయిన ఒక రైఫిల్ తెచ్చాడు. ఇనుము కొత్తదే, కర్రే లేదు. అందుకని ధర సగానికి దిగింది.

"బోషన్నా, దీనికి కర్ర చేస్తవా?"

"పది రోజులియ్యి సాబ్, పెండ్లిపిల్ల లెక్క తయారు చేస్త."

పర్మిట్ కాగితాలకు కూడా అన్ని రోజులు పడుతుందన్నాడు అబూ సాలెం. బేరం కుదిరింది.

ఇక కొలత. స్టాక్‌కు ప్రాణం లెంగ్త్ ఆఫ్ పుల్, అంటే ట్రిగ్గర్ నుంచి కర్ర వెనక అంచు దాకా ఉండే పొడవు. మోచెయ్యి మడిచి, మడత నుంచి చూపుడు వేలి దాకా కొలిస్తే అది వస్తుంది. మగవాడైతే చెయ్యి పట్టుకుని టేప్ పెట్టేస్తాను. ఆడపిల్ల చెయ్యి నేనెలా ముట్టుకుంటాను? టేప్ తీసి పెద్దాయన చేతికిచ్చాను. ఆయన దాన్ని పురుగును చూసినట్టు చూశాడు.

"టేపు బట్టల దుకాణపోనికి. నేను బాయి మోకులు, తలుపుల దూలాలు అన్నీ జానతోనే కొలిచిన. ఎన్నడు తప్పలే." కూతురి మోచెయ్యి దగ్గర అరచెయ్యి పరిచి, బొటనవేలు, చిటికెనవేలు చాపి కొలిచాడు. "ఒక జాన. దాని మీద నాలుగు వేళ్లు."

జానా బెత్తెడు! నాలుగు వేళ్ల వెడల్పును మేము బెత్తెడంటాం. నా మనసు ఎక్కడికో పోయింది. మా నాయన నాగలి చెక్కినా, మంచం కోడు చెక్కినా అదే కొలత. పాతికేళ్ల తర్వాత ఎడారి మధ్యలో ఒక అరబ్బు రైతు మా నాయన భాష మాట్లాడుతుంటే, టేప్ పెట్టమని మళ్లీ అడగడానికి నాకు నోరు రాలేదు. పలక మీద 'జాన, బెత్తెడు' అని రాసుకుని తలూపాను.

దుకాణంలో మిగిలిన ఒకే ఒక్క వాల్‌నట్ దిమ్మ, అంటే అక్రోటు కర్ర, తీశాను. అబ్బ, ఆ పది రోజులు! చిత్రిక పడుతుంటే లేచే పొట్టు వాసనకు ఇకామా, రెడ్, ఎగ్జిట్ అన్నీ మరిచిపోయాను. చెంప ఆనే చోట నున్నగా, చెయ్యి పట్టే చోట కొంచెం గరుకుగా, నూనె పట్టించి పట్టించి రుద్దాను. నా చేత్తోనే జానా బెత్తెడు కొలిచి వెనక భాగం కోసేశాను. కాస్త పొట్టిగా అనిపించింది కానీ, ఆడపిల్ల కదా, చెయ్యి చిన్నదే ఉంటుందిలే అనుకున్నాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం అన్నం తింటూ మా ఇంటావిడ గంగకు ఫోన్ చేసి గొప్పలు చెప్పుకున్నాను. గంగ బీడీలు చేస్తుంది. అంతా విని ఒకటే మాట అడిగింది.

"జాన అంటే ఎవని జాన?"

"ఎవని జానైతేంది?"

"గట్లెట్లయితది? ఆయినె ఆరడుగులుంటడంటివి. ఆయినె జాన, నీ జాన ఒక్కటేనా? మా కంపెనీల ఆకు కత్తిరియ్యాలంటే రేకు ముక్క ఇస్తరు. అది పెట్టి కత్తిరియ్యాలె, చేతి అందాజ ఒప్పుకోరు. నాకు గాజులు తెచ్చినట్లే చేస్తివా మల్ల?"

ఆ గాజుల మాట నాకప్పుడు బుర్రకెక్కలేదు. నా చెయ్యి చూసుకున్నాను. ఆయన చాటచెయ్యి గుర్తొచ్చింది. రెండంగుళాలకు పైగానే పొట్టి కోశానని లెక్క తేలింది. కోసిన కర్ర మళ్లీ పెరగదు. ఇంకో దిమ్మ లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు టేప్ తీసి మూడుసార్లు కొలిచాను.

అబూ సాలెంకు చెప్తే ఆయన తల పట్టుకున్నాడు. "పెద్దాయినెనే తప్పు కొలిచిండని చెప్త. నువ్వు నోరు మూసుకో."

"వద్దు సాబ్. ఆయినె కొలత సక్కగనే ఉంది. పోయేటప్పుడు అబద్ధమాడి పోవుడెందుకు?"

నలభై రోజుల్లో అప్పటికి ఇరవై అయిపోయాయి. పోయేవాణ్ణే కదా అన్న మొండి ధైర్యం ఒకటి వచ్చేసింది నాకు.

మర్నాడు వాళ్లు వచ్చారు. అబూ సాలెం రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి నూరా చేతికిచ్చాడు. ఆమె భుజానికి ఆనించగానే ముక్కు వెళ్లి బొటనవేలికి తగిలింది.

"తప్పు నాది," అన్నాను పెద్దాయనతో. "మీ జాన అడిగి, నా జానతోని కోసిన."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నా చెయ్యి లాక్కుని తన అరచేతికి ఆనించి పెట్టాడు. నా వేళ్లు ఆయన వేళ్ల పైగణుపు దగ్గరే ఆగిపోయాయి. ఇక చూడండి, ఆ నవ్వు! గుడారం తెరలు కదిలాయంటే నమ్మండి. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు.

"వల్లాహ్, నలభై ఏండ్లు గీ చెయ్యితోని కొలిచిన. చెయ్యి నాతోనే ఉంటదని గుర్తే లేదు! సగం తప్పు నాది."

నూరా కూడా నవ్వింది కానీ, అంతలోనే రైఫిల్ పక్కన పెట్టి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"తప్పు ఇద్దరిదీ కాదు. గీ కొట్ల ఒక్క ఆడమనిషి ఉంటే టేపు పెట్టి నా చెయ్యి కొలుస్తుండె, అయిపోతుండె. మా క్లబ్బుల ఇరవై మంది ఆడోళ్లున్నరు. ఒక్కరికీ కొలత లేదు. ఎవల్నడుగుతరు?"

అబూ సాలెం అప్పటిదాకా రైఫిల్ వైపు దిగులుగా చూస్తున్నాడు. మెల్లగా తల తిప్పాడు. ఆయన ముఖంలో రంగు మారడం నేను కళ్లారా చూశాను.

"బిడ్డా, నీకు కొలువు కావాలన్నవు గదా? ఇక్కడ చేరుతవా? రోజూ రాకున్నా మంచిదే. పేరు రాసుకుంటం, నెలకోపాలి వచ్చి సంతకం..."

"పేరు రాసిచ్చి ఇంట్ల కూసునుడు నాతోని కాదు," అంది నూరా ఠక్కున. "వస్తే పనికే వస్త. కొలత నేను తీస్త, కర్ర ముఅల్లిం కోస్తడు."

ముఅల్లిం అంటే మేస్త్రి. సౌదీలో పన్నెండేళ్లలో నన్నలా పిలిచిన మొదటి మనిషి ఆ పిల్లే. పెద్దాయన గడ్డం నిమురుకుని, "నా బిడ్డ గుడారంల పండుకునేది కాదు," అన్నాడు. మేనల్లుడి కథ ఆయన దాకా ఎలా పోయిందో ఏమో! ఆ మాటకు అబూ సాలెం కూడా నవ్వేశాడు. తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తుందంటారు. నా ఇకామా నా పనితనం వల్ల కాదు, నా పొరపాటు వల్ల నిలబడేలా ఉందని నాకు అప్పుడే అర్థమైంది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

రైఫిల్ మాట మిగిలింది. ఆ వారం పెద్దాయన ఉనైజా వెళ్లి, పాత మట్టి ఇంటి తలుపు చెక్క ఒకటి తెచ్చాడు. మా సరుగుడులా ఉంటుంది ఆ చెట్టు, అక్కడ ఇథిల్ అంటారు. "తప్పుల సగం నాదన్న గదా, కర్రల గీ ముక్క నాది," అన్నాడు. నూరా తన చెయ్యి తానే టేప్‌తో కొలుచుకుని చెప్పింది, పదమూడుంపావు అంగుళాలు. నేను ఆ తలుపు చెక్కను పలచని బిళ్లలుగా కోసి స్టాక్ వెనక మరలతో బిగించాను. వాటిని స్పేసర్లు అంటారు. కావాలంటే ఒకటి తీయొచ్చు, ఒకటి పెట్టొచ్చు. నల్లటి వాల్‌నట్ చివర లేత పసుపు పట్టీలు, చీరకు అంచులా కుదిరాయి. నూరా భుజానికి ఎత్తుకుంది. ఈసారి చెంప దాని చోట అది కూర్చుంది. కళ్లు మూసుకుని అలాగే నిలబడింది. నాకు అంతకన్నా మెప్పు అక్కర్లేదు.

ఇకామాకు ఇంకా తొమ్మిది రోజులుందనగా దుకాణం గ్రీన్ అయింది. ఫోన్‌లో మెసేజ్ చూసి అబూ సాలెం నన్ను వాటేసుకుంటే, ఆయన వేసుకున్న తెల్లటి పొడుగు అంగీ, తోబు నిండా రంపం పొట్టే. ఆ నెలలోనే సౌదీలో ఆడవాళ్లకు కారు నడిపే అనుమతి వచ్చింది. నూరా సొంతంగా కారు నడుపుకుంటూ వచ్చింది, పక్క సీట్లో పెద్దాయన చేత్తో డ్యాష్‌బోర్డు గట్టిగా పట్టుకుని. తర్వాత క్లబ్బు ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. ఆమె కొలిచేది, చీటీ మీద రాసేది, నేను కోసేవాణ్ణి. ఒక్క కర్ర కూడా తిరిగి రాలేదు.

ఇకామా చేతికొచ్చాక, మూడేళ్ల తర్వాత సెలవు దొరికింది. బయల్దేరే ముందు గంగకు ఫోన్ చేశాను.

"నీ వేళ్లు ముడిచి, గణుపుల మీదికెల్లి దారం చుట్టి, ఆ దారం పొడుగు ఎంతుందో బిడ్డతోని టేపుల చూపియ్యి."

అటువైపు నుంచి నవ్వు వినిపించింది.

"ఇన్నేండ్లకు అడిగినవు! నువ్వు తెచ్చిన గాజులు ఒక్కటి నా చేతికి ఎక్కలే తెలుసా? అన్నీ మా చెల్లెకే ఇచ్చిన. నీ మనసు నొస్తదని చెప్పలే."

పన్నెండేళ్లు రియాద్‌లోని బత్హా బజార్లో నా వేళ్లతో సున్నా చుట్టి, అందాజగా గాజులు కొన్నవాణ్ణి నేనే. కర్రయినా, గాజయినా, ఎవరిదో వాళ్లనే అడగాలన్న ఇంత చిన్న సంగతి నాకు తెలియడానికి ఒక వాల్‌నట్ దిమ్మ ఖర్చయింది. ఆసారి తెచ్చిన గాజులు గడపలోనే తొడుక్కుంది గంగ. చేతులు రెండూ ఎత్తి గలగలలాడించి, "సక్కగ కూసున్నయ్," అంది.

మరదలు మాత్రం ఆ ఏడు నాతో మాట్లాడలేదు.