మూల తెగిన ఉత్తరం

ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. బస్సు ఆగే చోటే నా అంగడి. అది నేను చేసుకున్న పాపం. ఊళ్లో ఎవరికి ఏమి అందాలన్నా నా బల్ల మీద పడేసి పోతారు. పెండ్లి పత్రికలు, మందుల సంచీలు, ఎవరో బస్సులో మరిచిపోయిన గొడుగు. వద్దంటే వినే నాథుడు లేడు. అందుకే ఆ రోజు జీపులో వచ్చిన మనిషి ఇంత పెద్ద కవర్ల కట్ట తెచ్చి సగం కుట్టిన జాకెట్టు మీద పెట్టినప్పుడు ఒళ్లు మండింది కానీ ఆశ్చర్యం వేయలేదు. ఇంటికొకటి, చేతికే ఇవ్వాలని చెప్పి, నేను నోరు తెరిచేలోగా జీపెక్కేశాడు.

మేము ఓట్లేసి పంపిన నాయకుడు మాకు రాసిన ఉత్తరాలవి. నా పేరు మీద వచ్చిన కవరు తెరిచాను. లోపల రెండు కాగితాలు. మొదటి దాంట్లో దేశ భద్రత. సరిహద్దులో పరిస్థితి తీవ్రంగా ఉందట, అయినా దిగులు పడాల్సిన పని లేదట. జవాన్ల త్యాగాలను దేశం మరిచిపోదట. రెండో దాంట్లో మన ప్రాంతం సంగతులు. ఇంటింటికీ కుళాయి పని ముగింపుకొచ్చిందని, రోడ్డుకు మరమ్మతులు జరుగుతున్నాయని. రెండుసార్లు చదివాను. మొదటి కాగితానికి భయపడాలో ధైర్యం తెచ్చుకోవాలో తెలియలేదు. రెండోది చదివితే అది మా ఊరేనా అని అనుమానం వచ్చింది. మా వీధిలో పైపులు నిలబెట్టిన మాట నిజమే. మా ఆవిడ వాటికి తాడు కట్టి బట్టలారేస్తుంది.

పై వీధి కవర్లు, కింద వీధి కవర్లు కలగాపులగంగా ఉన్నాయి. కూర్చుని విడదీశాను. మళ్లీ కలిసిపోకుండా పై వీధి కవర్లన్నిటికీ ఒక మూల కత్తిరించాను. అది నా చేతి అలవాటు. ఎవరు గుడ్డ తెచ్చినా మూలన చిన్న ముక్క కత్తిరించి, కొలతల చీటీకి గుండుసూదితో గుచ్చి పెడతాను. ముక్క చూస్తే గుడ్డ ఎవరిదో తెలిసిపోతుంది. కవర్ల మూలలు కూడా ఎప్పటిలాగే పీలికల సంచిలో పడ్డాయి.

మరునాడు పొద్దున్నే పై వీధికి పోయాను. మొదటి ఇంటి ముసలాయన కవరును రెండు వేళ్లతో పట్టుకుని, తెరవకుండానే గడప బయట నాలుగు ముక్కలు చించి పారేసి, కాళ్లు కడుక్కుని లోపలికి పోయాడు. నాయకుడి మీద కోపమేమో అనుకున్నాను. మూడో ఇంట్లో ఎప్పుడూ మజ్జిగ ఇచ్చే ఆవిడ, ఆడనే నిలబడప్పా, లోపలికి రావద్దు అంది. నేనేం చేశాను? ముఖానికి ఏమన్నా అంటుకుందేమోనని తడుముకున్నాను. చిన్న వయసు వాళ్లున్న ఇళ్లలో మాత్రం మామూలుగానే తీసుకున్నారు. నాకు తల తిరిగింది. ఒక కవరిస్తే ఇన్ని రకాల ముఖాలా?

వీధి చివర నేను అక్కా అని పిలిచే ఆవిడ ఇల్లు. భర్త లేడు. ఒక్కడే కొడుకు, సైన్యంలో ఉన్నాడు. వాడి బడి నిక్కర్లన్నీ నేను కుట్టినవే. ఇప్పుడు ఎక్కడో సరిహద్దులో కాపలా. వాడి దగ్గరి నుంచి ఎనిమిది రోజులుగా ఫోను లేదు. టీవీలో చూస్తే ఆ పక్కంతా గొడవగా ఉంది. ఆమె రోజూ నా అంగడికి వచ్చి ఫోను చేతిలో పెట్టి, చెడిపోయిందేమో చూడమనేది. నేను అటూ ఇటూ తిప్పి, బాగానే ఉంది అక్కా అనేవాణ్ని. బాగానే ఉందంటే ఆమె ముఖం ఇంకా వాడిపోయేది.

నేను పోయేసరికి గడపలో కూర్చుని వేరుశనగ కాయలు ఒలుస్తోంది. కవరు ఇచ్చాను. ఆమె వేళ్లు తెగిన మూల దగ్గర ఆగిపోయాయి. ఒళ్లో కాయలు కింద పడుతున్నా పట్టించుకోకుండా లేచి, వీధిలోకి వచ్చి, ఎండలో నేల మీద కూర్చుంది.

"చదువప్పా. ఈడనే చదువు."

వెలుతురు కోసం కాబోలు అనుకుని చదవడం మొదలుపెట్టాను. గొంతు సవరించుకుని మరీ చదివాను, ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. సరిహద్దులో పరిస్థితి తీవ్రంగా ఉందన్నాను. జవాన్ల త్యాగాలన్నాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. దేశభక్తి ఇంతుందా ఈమెకు అనుకున్నాను. వాడి పేరు ఎప్పుడు వస్తుందని అడిగింది. ఎవరి పేరన్నాను. నేను రెండో కాగితానికి వచ్చి కుళాయిల సంగతి ఎత్తుకున్నాను.

ఆమె తలెత్తి నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది. "మూల తెంచిన జాబు చేతికిచ్చి, కుళాయిలంటాండావు యాలప్పా? నా కొడుకు యాడుండాడో చెప్పు."

అప్పుడు వెలిగింది నా బుర్రలో. ఫోన్లు రాక ముందు చావు కబురు కార్డు మీద వచ్చేది. దానికి ఒక మూల చించి పంపేవాళ్లు. అలాంటి కార్డు గడప దాటనివ్వరు, బయటే చదివించుకుని చించేస్తారు. నేను కూడా చిన్నప్పుడు ఎందరికో చదివి పెట్టాను. ఇరవై ఏళ్లుగా అలాంటి కార్డు కనబడక మరిచేపోయాను. వీధి వీధంతా చావు కబురు పంచుకుంటూ వచ్చానన్నమాట.

"నేనే కత్తిరించినా అక్కా. గుర్తుకోసరం. వానికేం కాలేదు, ఇది ఊరందరికీ వచ్చిన కాగితం."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. కవరు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, నాకే ఇచ్చేసింది. ఆ మూల తెచ్చి కుట్టిస్తే తప్ప ఇంట్లోకి తీసుకోనంది.

అంగడికి వచ్చి పీలికల సంచి నేల మీద బోర్లించాను. జాకెట్టు ముక్కల మధ్య గుప్పెడు తెల్ల ముక్కలు, అన్నీ ఒకేలా. ఒక్కొక్కటే ఆమె కవరుకు ఆనించి చూశాను. ఆనించిన ప్రతిదీ అదేననిపించేది, మళ్లీ కాదనిపించేది. బస్సు కోసం కూర్చున్నవాళ్లు నన్ను చూసి నవ్వుకున్నారు. చివరికి ఒక ముక్క మీద ఆమె చిరునామా చీటీ తెగిన అంచు దొరికింది. మిషన్ మీద పెడితే చిరుగుతుందని సన్న సూదితో చేత్తోనే కుట్టాను. ఏ పెండ్లికూతురి జాకెట్టుకూ అంత భయపడుతూ కుట్టలేదు. పట్టుకెళ్లి ఇస్తే ఆమె నాలుగు మూలలకూ, కుట్టిన మూలకు కూడా, పసుపు రాసి లోపలికి తీసుకుపోయింది. తర్వాత ఇల్లిల్లూ తిరిగి నా తప్పు చెప్పుకున్నాను. మొదటి ఇంటి ముసలాయన మాత్రం, మూల తెగకపోయినా చించేవాణ్నే అన్నాడు.

నాలుగో రోజు ఆమె ఖాళీ బిందె చంకన పెట్టుకుని అంగడికి పరుగెత్తుకొచ్చింది. బోరు దగ్గర వరసలో ఉండగా ఫోను మోగిందట. ఎక్కడ నొక్కితే గట్టిగా వినిపిస్తుందో తెలియక నా దగ్గరికి తెచ్చింది. నొక్కాను. కొడుకు గొంతు. ఇన్నాళ్లూ సిగ్నలు లేదట. అక్కడంతా నెమ్మదిగా ఉందట, వేళకు తింటున్నాడట. నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. నాయకుడి ఉత్తరం వాడి ఫోనుకు కూడా వచ్చిందట. ఇంటికి కుళాయి వచ్చిందా అని అడిగాడు.

ఆమె బిందెను చూసుకుంది. "వచ్చింది నాయనా. ఇంట్లోనే పట్టుకుంటాండా నీళ్లు."

ఫోను ఆగిపోయింది. ఎన్నాళ్లకో ఆమె ముఖంలో నవ్వు చూశాను. ఇంత పచ్చి అబద్ధం ఎట్లా చెప్పినావక్కా అని ఎగతాళి చేశాను. ఆడ వానికి దిగులెందుకని చెప్పినా అంది. అంటూనే ఆగిపోయింది. నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది.

"ఆడంతా నెమ్మదిగా ఉండాదని వాడూ అట్లే చెప్పినాడేమోప్పా."

ఉత్తరంలో సరిహద్దు సంగతి రాసిన మొదటి కాగితం నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. వరసలో చోటు పోతుందని ఆమె బిందె తీసుకుని బోరు దగ్గరికి వెళ్లిపోయింది.