బోర్డు మీద చోటు చాలని రోజు

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. చదువుకున్నానన్న పొగరు దానికి తోడు. ఈ రెండూ కలిసి ఒక మనిషిని చంపాయి. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెప్పి తీరాల్సిన ఒక్క మనిషికి అసలే చెప్పలేదు.

రెండు వేల ఏడులో మస్కట్ అవతల రోడ్డు పని చేసే ఒక కంపెనీ క్యాంపులో నేను టైమ్‌కీపర్‌ని. గ్రూప్స్ పరీక్షలు మూడుసార్లు రాసి, మూడుసార్లూ తప్పి, ఊళ్లో తలెత్తుకోలేక విమానం ఎక్కాను. పెట్టెలో బట్టల కన్నా ముందు సర్దుకున్నది పోటీ పరీక్షల పుస్తకం. చరిత్రలో ఏ తేదీన ఏం జరిగిందో అందులో వరుసగా ఉండేది. క్యాంపు మెస్‌లో గోడకు ఒక నల్లబోర్డు ఉంటే, రోజూ తెల్లవారగానే దాన్ని తుడిచి 'చరిత్రలో ఈ రోజు' అని తెలుగులో రాసేవాణ్ణి. నన్నెవరూ రాయమనలేదు. ఇంత చదివి చివరికి హాజరు వేసుకోవడమేనా అన్న ఉక్రోషం, అంతే.

కంపెనీ నోటీసులు కూడా ఆ బోర్డు మీదే. క్యాంప్ బాస్ మలయాళీ. ముందు రోజు సాయంత్రం ఇంగ్లీషులో రాసి పోయేవాడు. క్యాంపులో మనవాళ్లే ఎక్కువ కాబట్టి పొద్దున్నే దాన్ని తెలుగులో పెట్టడం నా పని. బోర్డుకు అడ్డంగా గీత గీసి, పైది నీది, కిందిది నాది అని అతనితో ఒకసారి పెద్ద తగాదాయే పెట్టుకున్నాను.

నేను రాసింది వదలకుండా చదివేవాడు ఒక్కడే. కడప జిల్లా మనిషి, యాభై దాటినవాడు, క్యాంపుకు నీళ్లు తోడే పంప్‌హౌస్ ఆయన చూసుకునేవాడు. అందరం పెద్దాయన అనేవాళ్లం. ముందు ఆయన భార్య వచ్చింది, మస్కట్‌లోని బౌషర్‌లో ఒక అరబ్బుల ఇంట్లో పనికి. ఆ ఇంటి మేడమ్‌ని బతిమాలి మొగుడికి ఈ ఉద్యోగం చెప్పించింది ఆమే. వచ్చినప్పుడు ఆయనకు అక్షరం ముక్క రాదు. నా బోర్డు ముందు నిలబడి నిలబడి, ఏడాదిలో కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాడు. శుక్రవారం సాయంత్రాలు డ్యూటీ దిగి బౌషర్ వెళ్లినప్పుడు ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు భార్యకు తనే చదివి వినిపించేవాడట. ఆ విషయం చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాలి.

పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని వచ్చి, "ఏం సార్, ఈ పొద్దు ఎంతమంది సచ్చిపోయినారు?" అనేవాడు. నా చరిత్రలో యుద్ధాలూ ప్రమాదాలే కదా మరి. ఒక్కరన్నా పుట్టల్యా అని వెక్కిరించేవాడు. నేను మూతి ముడుచుకునేవాణ్ణి గానీ, ఆయన రాని రోజు రాయబుద్ధి అయ్యేది కాదు.

క్యాంపుకూ పంప్‌హౌస్‌కూ నడుమ ఒక ఎండిపోయిన వాగు. అక్కడ వాదీ అంటారు, పెద్దాయన మాత్రం వంక అనేవాడు. నేను వచ్చిన రెండేళ్లలో అందులో చుక్క నీరు చూడలేదు.

జూన్ మొదట్లో గోను తుఫాను వస్తోందని టీవీలో ఒకటే గోల. ఐదో తేదీ సాయంత్రం క్యాంప్ బాస్ రూములన్నీ తిరిగి, రేపు సైట్‌లో డ్యూటీ లేదని చెప్పాడు. అయితే అందరికీ సెలవైన శుక్రవారం నాడు కూడా పంపు డ్యూటీ ఆగేది కాదు. డ్యూటీ లేదంటే పెద్దాయన అది తన గురించి కాదనుకుంటాడు. అందుకే క్యాంప్ బాస్ బోర్డు మీద విడిగా రాశాడు, ఎవరూ వాదీ దాటవద్దు, పంప్‌హౌస్‌కు కూడా వెళ్లవద్దు అని.

ఆరో తేదీ బుధవారం. అప్పటికే గాలి ఈడ్చి కొడుతోంది. మెస్‌లోకి వెళ్లేసరికి ఆ ఇంగ్లీషు అక్షరాలు నా గీత దాటుకుని కింద దాకా వచ్చి ఉన్నాయి. ఒళ్లు మండిపోయింది. చదివాను. చదివే తుడిచాను. ముందు నాది రాసి, చివర్న ఆ రెండు ముక్కలూ తెలుగులో పెడదామనుకున్నాను.

జూన్ ఆరు మామూలు రోజు కాదు. రెండో ప్రపంచయుద్ధంలో మిత్రరాజ్యాల సైన్యం నార్మండీ తీరాన దిగింది ఆ రోజే. బీహారులో రైలు వంతెన మీంచి నదిలో పడి వందల మంది పోయింది ఆ రోజే, ఎనభై ఒకటిలో. నాకు చెయ్యి ఆగలేదు. ఓడలెన్ని, సైనికులెందరు, తర్వాత యుద్ధం ఎలా తిరిగింది, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసుకుంటూ పోయాను. చూస్తే బోర్డు నిండిపోయింది. నోటీసుకు చోటు లేదు. పంప్‌హౌస్‌కు పోయేది ఒక్క మనిషే కదా, నోటితో చెప్తే సరిపోతుందిలే అనుకున్నాను.

డ్యూటీ లేక అందరూ రూముల్లోనే పడుకుని ఉన్నారు, పెద్దాయన ఒక్కడే వచ్చాడు. నెత్తిన ప్లాస్టిక్ సంచి కప్పుకుని, తడిసిన చొక్కాతో. నార్మండీ అన్న మాట దగ్గర తడబడితే సరిదిద్దాను. అదెక్కడుంది సార్ అని అడిగాడు. ఇంకేముంది, నాకు పూనకం వచ్చింది. ఫ్రాన్సు గురించి, ఓడల గురించి చెప్పుకుంటూ పోయాను. చెప్పాల్సిన మాట మాత్రం నోటి దాకా రాలేదు. ఇంతలో వెనకాల రూముల మీది రేకు ఒకటి లేచి పడిన చప్పుడు. చూద్దామని పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి బల్ల మీద ఆయన టీ గ్లాసు ఖాళీగా ఉంది.

నిజం చెప్పాలి కదా, అప్పుడు కూడా నాకు గుర్తు రాలేదు. తొమ్మిదింటికి క్యాంప్ బాస్ వచ్చి పెద్దాయన ఏడని అడిగాకే గుర్తొచ్చింది. ఇద్దరం వాదీ దాకా పరుగెత్తాం. అంత నీరు ఎక్కణ్ణుంచి వచ్చిందో దేవుడికే తెలియాలి. ఎర్రగా, చెట్ల మొదళ్లను దొర్లించుకుంటూ పోతోంది. అవతల పంప్‌హౌస్ కప్పు ఒక్కటే కనిపించింది. కాసేపటికి అదీ లేదు. క్యాంప్ బాస్ నెత్తి పట్టుకుని, నేను రాశాను కదా, రాశాను కదా అని అంటూనే ఉన్నాడు.

తర్వాత నేను చేసిన పనికి నరకంలో కూడా చోటు ఉండదు. మెస్‌లో ఎవరూ లేరు. నార్మండీనీ రైలునీ తుడిచేసి, బోర్డు నిండా పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో రాశాను: ఎవరూ వాదీ దాటవద్దు, పంప్‌హౌస్‌కు వెళ్లవద్దు. మధ్యాహ్నం అన్నానికి వచ్చిన వాళ్లందరూ అది చూశారు. కంపెనీ నుంచి వచ్చినాయన నోటీసు పెట్టారా అని అడిగితే, పెట్టాం అని అందరూ ఒక్క గొంతుతో చెప్పారు.

శవం శుక్రవారం దొరికింది. దారులు తెరిచాక ఆయన భార్య వచ్చింది, మేడమ్ పంపిన కారులో. సన్నగా, నల్లగా, ఒక్క చుక్క కన్నీరు లేకుండా. ఆయన పెట్టె తీసుకుపోదామని వచ్చింది. రూములో వాళ్లు అప్పటికే ఆమెకు బోర్డు సంగతి చెప్పారు. తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, నిజం చెప్పు. ఆయన టీ తాగను వచ్చేతలికే బోర్డు మీద అది ఉండిందా?"

ఒక్క క్షణం. లేదమ్మా అంటే అయిపోయేది. ఉద్యోగం పోతుంది, పోలీసులు వస్తారు, క్యాంపులో నా మొహాన ఉమ్ముతారు, ఇవన్నీ ఆ క్షణంలోనే కనిపించాయి.

"ఉందమ్మా" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "చూసుకోలేదేమో" అని కూడా అన్నాను, ఓదార్పు అనుకుని.

ఆమె తల అడ్డంగా ఊపింది. "నీ బోర్డు సదవకుండా ఏ పొద్దూ పోడు, నాకు తెలీదా? సదివినాడు. సదివి కూడా పోయినాడంటే నా కోసరమే పోయినాడు. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి నేనే చెప్తి. గాలీ వానా అని పండుకోవద్దు, నీళ్లు నిలిచిపోతే నిన్నే అంటారు, మేడమ్ కాడ నా మాట పోతాది, డ్యూటీకి పో అని. నేనే పంపిచ్చినానన్నా."

నోరు తెరిచాను. ఆమె నా మొహంలోకే చూస్తోంది. కాదమ్మా, ఆయన వచ్చేసరికి అక్కడ అది లేదు, తుడిచింది నేను. ఇంత చిన్న మాట. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది. నేను వంగి, పెద్దాయన పెట్టె ఎత్తుకుని, తీసుకెళ్లి కారులో పెట్టాను.