తొమ్మిది చుక్కలా, పద్నాలుగా

సిరిసిల్లలో నూలుకు రంగు వేసేవాళ్లలో ఎల్లేశం అంతటివాడు లేడు. చదివింది ఊరిబడిలో అయిదో తరగతే. అయితేనేం, కొండగట్టు గుడి జెండాల గుడ్డకు కాషాయం పెట్టింది ఆయనే. వంద కట్టల నూలు పది రోజులు ముంచినా అన్నీ ఒక్క తీరుగా తీసిందీ ఆయనే. నలభై రెండేళ్ల చెయ్యి అది.

ఇప్పుడు కార్ఖానా చూసేది ఆయన బిడ్డ కల్పన. కొత్త బోరులో నీళ్లు పడ్డాయి. కోరుట్ల వ్యాపారి శ్రీహరికి ఎల్లుండి ఇవ్వాల్సిన మెరూన్ నూలును ఆ నీళ్లలో ముంచవచ్చా లేదా అన్నది ఆ ఉదయమే తేలాలి. నీళ్లలో సున్నం ఎక్కువుంటే మచ్చలు పడి నూలంతా పాడవుతుంది.

కల్పన జగిత్యాల నుంచి నీళ్లను పరీక్షించే డబ్బా తెచ్చింది. గాజు గొట్టంలో బోరు నీళ్లు పోసి పొడి కలిపితే ఎర్రబడ్డాయి. ఇక సీసాలోని మందును చుక్కచుక్కగా వేయాలి. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం మొత్తం ఆ మందుకు చిక్కగానే ఎరుపు పోయి నీలమవుతుంది. పది చుక్కల్లోపు మారితే మంచి నీళ్లు. కల్పనకు పద్నాలుగు పట్టాయి.

"ఇటు తే. రంగు సంగతి నాకు చెప్తవా?" అని ఎల్లేశం డబ్బా అందుకుని పక్కకు పోయాడు. ఆయనకు తొమ్మిదే పట్టాయి.

"మంచి నీళ్లే. ముంచు."

"గట్లెట్ల బాపు? బోరొక్కటే, మందొక్కటే."

"నీ కండ్లకు అద్దాలు పెట్టిచ్చుకో."

"మల్లొక్కపారి వెయ్యి, నేను చూస్త."

ఆయన చుక్క వేశాడు. తెల్ల నూలుపోగుల కుచ్చు గొట్టంలో ముంచి తీసి, ఊది ఆరబెట్టి, వెలుగుకు పట్టి చూశాడు. మళ్లీ చుక్క, మళ్లీ కొత్త కుచ్చు.

"గదేంది బాపు?"

"తడి రంగును నమ్మి చెడినోళ్లను మస్తుమందిని చూసిన. ఆరినంకనే రంగు."

"గొట్టంల నీళ్లేవి మరి?"

చూస్తే సగానికి దిగాయి.

"నూలే తాగింది. నీళ్లు తగ్గితే చుక్కలు తగ్గయా?" అంది కల్పన.

"రంగు మంచిగనే వచ్చింది గదా?"

"రంగు వచ్చింది బాపు. కొలత పోయింది."

ఎల్లేశానికి తల తిరిగింది. రంగు సరిగా వచ్చాక కొలత ఎట్లా పోతుంది? కొత్తగా నీళ్లు పోయించి, నూలు ముట్టకుండా తానే వేశాడు. పద్నాలుగు. ఇంకోసారీ పద్నాలుగే.

గొట్టం కడిగి డబ్బాలో పెట్టాడు. తర్వాత శ్రీహరికి ఫోన్ చేశాడు. "రెండు దినాలు ఆగు సేటు. మంచినీళ్ల ట్యాంకర్ తెప్పిచ్చి ముంచుతం."

"నువ్వు ఆగుమనుడేంది ఎల్లేశం? బోరు పడ్డదంటివి గదా?"

"పడ్డది. నీళ్లు తెల్లగనే ఉన్నయి, రంగు కూడ మారింది, కానీ..." అని ఆగి, ఫోన్ కల్పనకు ఇచ్చాడు. "నాకు సమజైతలేదు. నువ్వే చెప్పు బిడ్డా."